ఆట అవునా అన్నది ఒక ప్రశ్న, కూడు పెడుతుందా అన్నది మరొక ప్రశ్న

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఆరెకరాల్లో రొయ్యల గుంటలు సాగు చేస్తున్నాను. మా అబ్బాయికి 17 ఏళ్ళు. నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు గుంట కాడ షెడ్డులో కాపలా ఉంటానని చెప్పి, తెల్లవార్లూ ఫోనులో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతూ దొరికాడు. గట్టిగా అడిగితే యూట్యూబ్‌లో తనకొక చానల్ ఉందని, 2,300 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారని, ఒక టోర్నమెంటులో తన వాటాకు 3,000 రూపాయలు వచ్చాయని చూపించాడు. ఇంటర్ కాగానే ఇంజినీరింగ్‌లో చేరడంట, హైదరాబాదు పోయి ఒక జట్టులో చేరతాడంట. మంచి ఫోనుకూ కంప్యూటరుకూ లక్షన్నర కావాలంటున్నాడు. ‘నాయనా, ఇది ఊరికే ఆడుకోవడం కాదు, స్పోర్టు. గవర్నమెంటే ఒప్పుకొనింది’ అంటాడు. మా బావమరిది ఫోనులో రమ్మీ ఆడి రెండెకరాలు పోగొట్టుకున్నాడు. నా కంటికి రెండూ ఒకటిగానే కనబడుతున్నాయి. ఇది నిజంగా క్రీడేనా? దీన్ని నమ్ముకుని బతకవచ్చా? ఫోను లాక్కోమంటారా?
– ఒక తండ్రి, కావలి

సమాధానం:

అయ్యా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ కోపం కనబడింది. రెండోసారి చదివినప్పుడు, రాత్రంతా గుంటల మీద కన్నేసి ఉండే మనిషికి, తన పక్క షెడ్డులోనే కన్నకొడుకు తనకు తెలియని మరో పనికోసం మేలుకొని ఉన్నాడని తెలిసినప్పుడు కలిగే దిగులు కనబడింది. నేను ప్రకాశం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. పిల్లలను ఆడించి, వాళ్ళ ఆటను చూసి జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి, మీ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేను. మీవాడు రెండు వేర్వేరు సంగతులను ఒకే తాడుతో కట్టి మీ ముందు పెట్టాడు. దీన్ని క్రీడగా ప్రభుత్వం గుర్తించింది, కనుక ఇది తన బతుకుతెరువు అవుతుంది అన్నది అతని వాదం. ఆ ముడి విప్పితే తప్ప మీ ఇద్దరి మధ్యా మాట సాగదు.

ముందుగా రమ్మీ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ భయం పుట్టింది అక్కడే. మన రాష్ట్రం 2020 సెప్టెంబరులోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధిస్తూ, 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించింది. ఆ తరువాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం కూడా లభించింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించి ఆడే ఆటలన్నింటినీ, వాటిలో నైపుణ్యం ఉన్నా లేకపోయినా, ఆ చట్టం నిషేధించింది. అటువంటి ఆటలను నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే కంప్యూటరు, ఫోను ఆటల పోటీలను మాత్రం వేరుగా తీసి, పోటీ క్రీడగా గుర్తించింది. చేతి నేర్పు, మెదడు చురుకుదనం, ఎత్తుగడ వీటితోనే గెలుపోటములు తేలాలి, పందెం ఉండకూడదు, ప్రవేశ రుసుము తీసుకున్నా అది పోటీలో చేరడానికో నిర్వహణ ఖర్చుకో మాత్రమే కావాలి, గెలిచినవారికి ప్రతిభను బట్టి బహుమతి ఇవ్వవచ్చు అన్నది దాని సారాంశం. కాబట్టి మీ బావమరిది పోగొట్టుకున్న రెండెకరాలకూ, మీవాడు ఆడుతున్న ఆటకూ చట్టం దృష్టిలో సంబంధం లేదు. గవర్నమెంటు ఒప్పుకొనింది అని అతను మీతో అబద్ధం చెప్పలేదు, ఆ మాట మీరు అతనికి దక్కనివ్వాలి.

అయితే ఇక్కడే ఒక సందు ఉంది, దాన్ని మీరు జాగ్రత్తగా చూడాలి. వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో పిల్లలు ‘పెయిడ్ రూమ్’ అని ఒకటి నడుపుకుంటారు. తలా యాభయ్యో వందో ఫోన్‌పేలో ముందుగా కట్టాలి, వచ్చిన మొత్తంలో నిర్వాహకుడు కొంత మినహాయించుకొని మిగిలింది గెలిచినవాడికి ఇస్తాడు. ఆట అదే, తుపాకులు అవే, కాని పద్ధతి పేకాట క్లబ్బుది. మీవాడికి వచ్చిన 3,000 రూపాయలు ఎక్కడినుంచి వచ్చాయో అడగండి. నిర్వాహకుడి పేరు, నియమావళి, బహుమతి ఎవరిచ్చారు అన్నవి చూపించగలిగితే ఆ 3,000 గౌరవంగా సంపాదించినవే. ‘రూమ్‌లో గెలిచాను’ అంటే మాత్రం, ఏ రూములు, ఎన్నిసార్లు కట్టాడు, ఎంత పోయింది అన్నది ఫోన్‌పే చరిత్రలో ఇద్దరూ కలిసి చూడండి. మీ బావమరిది కథను అతనికి చెప్పవలసిన సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే.

ఇక క్రీడేనా అన్న ప్రశ్న. నేను చాలాకాలం కాదనే అన్నాను. ఒళ్ళు అలవనిదీ, మట్టి అంటనిదీ క్రీడ ఎట్లా అవుతుందని స్టాఫ్ రూములో వాదించినవాణ్ణి. చదరంగం ఆడేవాడికి చెమట పట్టదు కదా అని లెక్కల మాస్టారొకరు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. అర్జున అవార్డులు మొదలైన 1961లోనే చదరంగానికి మాన్యుయెల్ ఆరన్‌కు ఆ అవార్డు ఇచ్చారు. మన ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీల్లో బరువు లాగేది ఎడ్లు, అయినా పళ్ళను బట్టి విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో బండ ఎన్ని అడుగులు జరిగిందో టేపు పెట్టి కొలిచి, గెలిచిన రైతును భుజాల మీద ఎత్తుకుంటాం. ఒక నియమం, ఒక కొలత, తీర్పు చెప్పే మనిషి, అందరికీ తెరిచి ఉన్న బరి, అన్నింటికీ మించి సాధన వల్ల మెరుగయ్యే నేర్పు ఉంటే పోటీ క్రీడ అవుతుందని ఇప్పుడు నా అభిప్రాయం.

బయటి ప్రపంచం కూడా నెమ్మదిగా అటే నడిచింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన అంశంగా పెట్టినప్పుడు గుజరాత్‌లోని భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా కాంస్యం తెచ్చాడు. 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో డోటా 2 అనే కంప్యూటరు ఆటలో మన జట్టు కాంస్యం గెలిచింది. అదే ఏడాది డిసెంబరులో, బహుళ క్రీడోత్సవాల్లో భాగంగా జరిగే ఈ-స్పోర్ట్స్‌ను కేంద్ర క్రీడల శాఖ పరిధిలోకి తెస్తూ ఉత్తర్వు వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మొదటిసారిగా ఈ పతకాలు లెక్కలోకి వచ్చాయి. అక్కడ లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటలో బంగారు పతకం గెలిచిన దక్షిణ కొరియా జట్టుకు, మిగతా క్రీడల విజేతలకు ఇచ్చినట్టే, నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయింపు దక్కింది. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగాన్ని కూడా చేర్చారు, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి అందులో సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. అన్నీ ముందుకే పోతున్నాయని మాత్రం అనుకోవద్దు. సౌదీ అరేబియాలో ఒలింపిక్ ఈ-స్పోర్ట్స్ క్రీడలు నిర్వహిస్తామని 2024లో ప్రకటించిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, 2025 అక్టోబరులో ఆ ఒప్పందాన్నే విరమించుకుంది.

ఈ వార్తలన్నిటికంటే నా మనసు మార్చింది ఒంగోలులో మా అక్క మనవడి గదిలో చూసిన ఒక మధ్యాహ్నం. మే నెల. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపేసి, నలుగురు పిల్లలు నేల మీద చాప పరుచుకొని కూర్చున్నారు. బొటనవేళ్ళకు పల్చటి నల్లగుడ్డ తొడుగులు, పక్కన పౌడరు డబ్బా. ఫోనును మనం పట్టుకున్నట్టు కాకుండా, చూపుడువేళ్ళు కూడా పైన తెర మీద ఆనేలా పీత డెక్కల మాదిరిగా పట్టుకున్నారు. ‘ఇరవై డిగ్రీల్లో రాయి వెనకాల ఒకడు. నాక్ చేశా. రష్ వద్దు, జోన్ చూడండి, గ్రెనేడ్ ఉంచుకో’ అని ఒకడు ఆగకుండా చెబుతూనే ఉన్నాడు, మిగతా ముగ్గురూ ఒక్క మాటకు ఒక్క మాటే జవాబిస్తున్నారు. పాత అలవాటు కొద్దీ మ్యాచ్ అయిన వెంటనే మావాడి మణికట్టు పట్టి చూశాను, నాడి నిమిషానికి 110 దాటి కొట్టుకుంటోంది. ఆ మ్యాచ్‌లో వాళ్ళు తొమ్మిదో స్థానంలో నిలిచారు. ఆ తరువాత జరిగిందే నాకు ముఖ్యం. నలుగురూ రికార్డింగ్ వెనక్కి తిప్పి, ఒక ఇంటి ఆవరణ నుంచి ఇరవై సెకన్లు ఆలస్యంగా ఎందుకు బయలుదేరామని దాదాపు గంటసేపు వాదించుకున్నారు. మా బడిలో వాలీబాల్ జట్టు మండల స్థాయిలో ఓడిన సాయంత్రాన వేపచెట్టు కింద కూర్చొని సరిగ్గా ఇట్లాగే వాదించుకునేది. క్రీడాకారులను గుర్తుపట్టడం నాకు చేతనవును, వాళ్ళు క్రీడాకారులే.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఔను, క్రీడే. ఇప్పుడు రెండోదానికి వద్దాం, నా అసలు ఆందోళన ఇక్కడుంది.

కబడ్డీ 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతక క్రీడ అయింది, ఆ ఏడాదే మనవాళ్ళు బంగారం తెచ్చారు. ఆ రోజుల్లో నా దగ్గర ఒక పిల్లవాడుండేవాడు. కూతకు వెళితే కనీసం ఒకడిని తాకకుండా తిరిగి వచ్చేవాడు కాదు. రాష్ట్ర జట్టుకు ఆడాడు. వాళ్ళ నాన్న నన్నడిగాడు, సారూ, వీణ్ణి ఆటలోనే వదిలేయమంటారా అని. ఆసియా క్రీడల్లో చేరింది కదా, మంచి రోజులొస్తాయి అని చెప్పాను. ప్రొ కబడ్డీ లీగ్ మొదలై ఆటగాళ్ళు వేలంలో లక్షలకు పోవడం 2014లో. నా శిష్యుడికి అప్పటికి నలభై ఏళ్ళు దగ్గరపడ్డాయి, మోకాలు ఎప్పుడో చెడింది, డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. దర్శి వైపు ఒక గ్రానైట్ లారీ మీద డ్రైవరుగా ఉన్నాడు. గుర్తింపుకూ కూటికీ మధ్య ఇరవై నాలుగేళ్ళు పట్టింది, ఆ ఇరవై నాలుగేళ్ళలో ఆటకు పనికివచ్చే అతని వయసు మొత్తం గడిచిపోయింది. నేను చెప్పిన మాట తప్పు కాదు, మంచి రోజులు వచ్చాయి. అతనికి మాత్రం రాలేదు. క్రీడ అని చట్టంలో రాసినంత మాత్రాన ఏ పిల్లవాడికీ జీతం రాదని నేను మీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అతనే.

ఈ ఆటకు కబడ్డీకి లేని చిక్కు మరొకటి ఉంది. కబడ్డీకి యజమాని లేడు. నాలుగు గీతలు గీసుకుంటే ఎవరైనా ఆడుకోవచ్చు, ఎవరూ ఆపలేరు. బీజీఎంఐ ఒక కొరియా కంపెనీ సొత్తు. తుపాకి బలం పెంచినా తగ్గించినా, పటం మార్చినా, అసలు దుకాణమే మూసినా వాళ్ళ ఇష్టం, వాళ్ళ మీద మన ప్రభుత్వం ఇష్టం. 2020 సెప్టెంబరు 2న పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించారు. 2021 జూలైలో పబ్జీ ఆటే బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జూలై 28న యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మే నెలాఖరుకు గాని తిరిగి రాలేదు. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే మరో తుపాకుల ఆట కూడా పోయింది. పబ్జీనే నమ్ముకొని చదువు మానేసిన పిల్లలు 2020లో ఒకసారి, 2022లో ఇంకొకసారి నడివీధిలో నిలబడ్డారు. తెల్లమచ్చ తెగులు వచ్చి గుంట మొత్తం ఒక్క రాత్రిలో తేలిపోవడం మీకు తెలుసు. తేడా ఏమిటంటే, గుంట ఎండగట్టి సున్నం చల్లి మళ్ళీ సీడు వేసుకునే హక్కు మీకుంది. ఇక్కడ గుంటే వేరొకరిది.

ఎంతమందికి చోటుంది అన్నది కూడా చూడండి. ఆ ఆట జాతీయ పోటీ అయిన బీజీఐఎస్ తుది పోరు 2024 జూన్‌లో హైదరాబాదు హైటెక్స్‌లో మూడు రోజులు జరిగింది. మొత్తం బహుమతి 2 కోట్లు, అది మీవాడికి కంఠతా వచ్చి ఉంటుంది. ఆ వేదిక మీదికి చేరినవి 16 జట్లు, అంటే ఒక్కసారి బరిలో 64 మంది. దేశం మొత్తం మీద లక్షలమంది ఆడే ఆటలో 64 కుర్చీలు. ఆ డబ్బు కూడా జట్టు యాజమాన్యంతోనూ సహచరులతోనూ పంచుకోవలసిందే, ప్రతి సంవత్సరం వచ్చేదీ కాదు. పెద్ద జట్లు నెలజీతాలిస్తాయి, నిజమే. కాని ఆ జీతాలు స్పాన్సర్ల డబ్బుతో నడుస్తాయి, ఆట ఆగిన నెలలో అవి ఏమయ్యాయో 2022 నాటి పిల్లలు చెబుతారు.

స్ట్రీమింగ్, అంటే తన ఆటను యూట్యూబ్ చానల్లో జనానికి చూపించడం గురించి మీవాడు ఆటతో కలిపి చెప్పాడు గాని, అది క్రీడ కాదు. దాన్ని తక్కువ చేసి అనడం లేదు, అది వేరే వృత్తి. బాగా ఆడటం ఒక విద్య, ఆడుతూ నాలుగు గంటలపాటు మాటతో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడం మరొక విద్య, ఒకటి వచ్చినవాడికి రెండోది రావాలని లేదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలు కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో జనం 4,000 గంటలు చూసి ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్ కోటి సార్లు చూసి ఉండాలి. వచ్చిన ప్రకటనల డబ్బులో మామూలు వీడియోలకు 55 శాతం, లైవ్‌లో చూసేవాళ్ళు ఇచ్చే సూపర్ చాట్‌లో 70 శాతం చానల్‌వారికి ఇస్తారు. 18 ఏళ్ళు నిండనివారికి ఆ డబ్బు పెద్దల ఖాతా ద్వారానే రావాలి, కాబట్టి మీకు తెలియకుండా అతను సంపాదించే వీలు అసలు లేదు. 2,300 మంది ఉన్నారన్నాడు కదా. గడిచిన సంవత్సరంలో ఎన్ని గంటలు చూశారు, ఒక లైవ్‌లో ఒకే సమయంలో ఎంతమంది కూర్చున్నారు అని అడగండి. చానల్ లోపలి పేజీలో ఆ లెక్కలన్నీ రోజువారీగా కనబడతాయి, దాచడానికి వీలుపడదు.

మీరు మేత వేసిన రెండు గంటలకు గుంటలో దించిన చెక్ ట్రే పైకి తీసి, మేత మిగిలిందా లేదా చూస్తారు. నీటి పైభాగం చూసి రొయ్య తింటోందా లేదా అని ఏ రైతూ చెప్పడు. సబ్‌స్క్రైబర్ల సంఖ్య, ఒకసారి గెలిచిన 3,000 రూపాయలు, హాస్టల్లో స్నేహితుల చప్పట్లు ఇవన్నీ నీటి పైభాగమే. అందరికీ తెరిచి ఉన్న పెద్ద టోర్నమెంటు క్వాలిఫయర్లలో, అంటే తుది పోరుకు జట్లను ఏరే రౌండ్లలో, అతని జట్టు ఏ రౌండు దాకా వెళ్ళింది, ఎన్ని మ్యాచ్‌లలో సగటున ఏ స్థానంలో నిలిచింది అన్నది చెక్ ట్రే. ఈ ఆటలో మొదటి స్థానానికి 10 పాయింట్లు, ప్రత్యర్థుల్లో ఒక్కొక్కరిని పడగొట్టినందుకు ఒక్కో పాయింటు ఇస్తారు. ఒక మ్యాచ్‌లో అదృష్టం కలిసి రావచ్చు గాని, వరసగా ఆడే పన్నెండు పద్దెనిమిది మ్యాచ్‌లలో అదృష్టం అందరికీ సమానమై, నేర్పు మాత్రమే మిగులుతుంది. అందుకే ఒక మ్యాచ్ వీడియో చూపిస్తే మురిసిపోవద్దు, మొత్తం పాయింట్ల పట్టిక అడగండి.

ఇప్పుడు ఏం చేయాలన్నది. లక్షన్నర ఇవ్వవద్దు. మీ దగ్గర ఉన్నా ఇవ్వవద్దు, అప్పు చేసి మాత్రం అసలే ఇవ్వవద్దు. ఇది మొబైల్ ఆట, 3,000 గెలిచిన ఫోను క్వాలిఫయర్లకు కూడా పనికొస్తుంది. మంచి ఫోను లేకే ముందుకు పోలేకపోతున్నాను అన్న మాట ఒక స్థాయి దాటినవాడి నోట నిజం అవుతుంది, ఆ స్థాయి దాటాడో లేదో పైన చెప్పిన పట్టిక చెబుతుంది. ఇంటర్ పరీక్షలు పూర్తయ్యేవరకు జట్టు సంగతి, హైదరాబాదు సంగతి ఎత్తకూడదని ఒప్పందం చేసుకోండి. దానికి బదులుగా మీరూ ఒకటి ఒప్పుకోవాలి: పరీక్షలయ్యాక ఒక సంవత్సరం, ఏదో ఒక డిగ్రీలో చేరి చదువుతూనే, పెద్ద పోటీల్లో దిగడానికి మీరు అడ్డుపడరు. 18 నిండనివారికి పెద్ద టోర్నమెంట్లలో తల్లిదండ్రుల సమ్మతి పత్రం అడుగుతారు, దాని మీద మీరు మనస్ఫూర్తిగా సంతకం పెట్టండి. ఆ సంవత్సరం చివర ఏ రౌండు చేరితే కొనసాగాలి, ఏ రౌండుకు చేరకపోతే దీన్ని సరదాగా మాత్రమే ఉంచుకోవాలి అన్నది ఇప్పుడే కాగితం మీద అతని చేత్తోనే రాయించండి. ఇంజినీరింగే చదవాలని పట్టుపట్టకండి, అది మీ ఇద్దరి మధ్య అనవసరమైన రెండో యుద్ధం అవుతుంది. ఈ రంగంలో ఆటగాళ్ళకంటే ఎక్కువమంది బతుకుతున్నది వ్యాఖ్యానం, వీడియో ఎడిటింగ్, టోర్నమెంటు నిర్వహణ, యానిమేషన్, గేముల తయారీ పనుల మీద. వాటికి చదువు కావాలి. తెలుగులో చక్కగా వ్యాఖ్యానం చెప్పగలిగితే అది ఇరవై అయిదేళ్ళు దాటినా నిలిచే పని, బొటనవేళ్ళ వేగం అంతకాలం నిలవదు.

ఏ జట్టైనా ఒప్పంద పత్రం పంపితే అతను సంతకం పెట్టకూడదు. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాడి ఒప్పందం చెల్లదు, సంరక్షకుడిగా మీరు చూడాలి. బహుమతిలో వాటా ఎంత, మధ్యలో మానుకుంటే చెల్లించవలసింది ఎంత, చానల్ ఎవరి పేరు మీద ఉంటుంది అన్న మూడు సంగతులు కావలిలో ఏ వకీలుకు చూపించినా పది నిమిషాల్లో చెబుతారు. ముందుగా ‘ట్రయల్ ఫీజు’ కట్టమనేవాడు జట్టు యజమాని కాదని తెలుసుకోండి.

ఫోను లాక్కోమంటారా అని అడిగారు. లాక్కోవద్దు. లాక్కుంటే అతను మానడు, స్నేహితుడి ఫోనులో ఆడతాడు, ఈసారి మీకు దొరకడు. అయితే రాత్రి మేలుకోవడాన్ని మాత్రం ఒక్క రోజు కూడా ఒప్పుకోకండి. ఇది ఒక తండ్రిగా కంటే ఒక శిక్షకుడి మాటగా అతనికి చెప్పండి: నిద్ర లేని వేలు ఆలస్యంగా కదులుతుంది, ఏ క్రీడలోనైనా కోచ్ మొదట పెట్టేది నిద్ర నియమం. మరొక సంగతి అడగండి. బీజీఎంఐ 2023లో తిరిగి వచ్చినప్పుడు 18 లోపువారికి రోజుకు 3 గంటలు, పెద్దవారికి 6 గంటలు అని ఆటకు హద్దు పెట్టారు. తెల్లవార్లూ ఎట్లా ఆడాడు? ఎవరి వయసు, ఎవరి నంబరు ఇచ్చి ఖాతా తెరిచాడు? తప్పుడు వయసుతో ఆడినవాణ్ణి ఏ అధికారిక పోటీ అయినా బయటికి పంపిస్తుంది, క్రీడాకారుణ్ణి అనుకునే పిల్లవాడు ముందుగా సరిదిద్దుకోవలసింది అదే.

ఒక సంగతి మాత్రం కనిపెట్టి ఉండండి. ఆడటం ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, స్నానం, స్నేహితులు అన్నింటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళెదుట కనబడుతున్నా కొనసాగించడం, ఇవి దాదాపు సంవత్సరం పాటు సాగితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో జబ్బుగానే చేర్చింది, 2022 జనవరి నుంచి ఆ జాబితా అమలులో ఉంది. మీ ఉత్తరాన్ని బట్టి మీవాడు ఆ స్థితిలో ఉన్నాడని నాకనిపించడం లేదు, జట్టు గురించి, చానల్ గురించి ప్రణాళిక చెబుతున్నాడంటే మనసు అదుపులోనే ఉంది. ఎప్పుడైనా అనుమానం కలిగితే తిట్టడానికి ముందు 14416కు ఫోన్ చేయండి, అది టెలి-మానస్ ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఫోను, గేముల వాడకం అదుపు తప్పినవారి కోసమే 2014 నుంచి ఒక ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

సంక్రాంతి సెలవులకు అతను ఇంటికి వచ్చినప్పుడు, షెడ్డులో మీ పక్కనే కూర్చోబెట్టుకొని ఒక్క మ్యాచ్ మొదటినుంచి చివరిదాకా చూడండి. అరగంట పడుతుంది. మధ్యలో ఏమీ అనకండి, అర్థం కాకపోయినా అడగకండి. అయిపోయాక ఒకే ప్రశ్న వేయండి: ఈ మ్యాచ్‌లో నువ్వు చేసిన తప్పేమిట్రా? నెట్ రాలేదనో, పక్కవాడు చెడగొట్టాడనో అంటాడా, లేక రికార్డింగ్ వెనక్కి తిప్పి ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తాడా గమనించండి. అతను ఏం చెప్పాడో నాకు రాయండి. దాన్ని బట్టి వేసవి టోర్నమెంట్ల మాట మళ్ళీ మాట్లాడుకుందాం.